నిలబడే చీపురు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చీపురు ఎప్పుడూ పడుకునే ఉండీది. తలుపు వెనకాల, గోడవారగా, వచ్చినోళ్ళ కంటికి ఆనకుండా. చీపురు నిలబెడితే ఇంట్లో గొడవలు లేస్తాయని మా నాయనమ్మ అనీది. ఎవరైనా మరిచిపోయి గోడకి చేరేస్తే, ఎంత పనిలో ఉన్నా లేచొచ్చి, దాన్ని పడుకోబెట్టి మరీ వెళ్ళీది. మొన్న మీరు పూణేలో మీ ఇంట్లో తనంతట తానే నేలంతా తిరిగీ మెషీన్ని ఫోన్లో చూపించి, అమ్మమ్మా ఇలాంటిది నువ్వెప్పుడైనా చూసేవా అని అడిగేరు కదా. తిరిగీది చూళ్ళేదమ్మా. నిలబడీది చూసేను. దాని సంగతే చెప్తన్నాను.

అప్పుడు మేం విశాఖపట్నంలో, పోర్టుకి దగ్గర్లో, పాత ఊళ్ళో ఒక మేడ కింద వాటాలో ఉండీవోళ్ళం. స్టీలు ప్లాంటు ఇంకా లేవలేదు, వస్తాదంట వస్తాదంట అని జనం చెప్పుకునీ రోజులు. మా నాన్న పోర్టులో క్రేను నడిపీవారు. ఓడల్లోకి ఇనపరాయి ఎత్తినప్పుడల్లా గాలి ఆ పొడిని మోసుకొచ్చి మా ఇళ్ళ మీద పోసీది. నల్లటి పొడి, వేలితో రాస్తే లోపల ఎర్రగా కనిపించీది. దండెం మీద ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి తుప్పు పట్టినట్టు అయిపోయీది. దులిపితే పోదు, ఉతికితే పోదు.

ఆ పొడి మా అమ్మ ఊపిరికి పడలేదు. వంగి చీపురు పట్టిందంటే చాలు, దగ్గు మొదలయ్యీది. దగ్గి దగ్గి గుమ్మం పట్టుకుని నిలబడిపోయీది. నాయనమ్మ ఊడ్చినా అంతే, ఎవరు ఊడ్చినా లేచిన దుమ్ము అమ్మ గుండెల్లోకే. డాక్టరు గారు చూసి, ఈవిడ దుమ్ముకి దూరంగా ఉండాలి, కొన్నాళ్ళు ఊరు మార్చండి అన్నారు. ఆనందపురంలో అమ్మ పుట్టిల్లుంది. చుట్టూ పొలాలు, అక్కడికెళ్తే అమ్మకి దగ్గే ఉండదు. కానీ నాకు బడి ఉంది కదా. అమ్మ వెళ్తే నాను ఇక్కడే ఉండిపోవాల. ఆ మాట విన్న దగ్గర్నించి అమ్మ దగ్గితే చాలు, పరిగెత్తుకెళ్ళి తన కొంగు పట్టుకునీదాన్ని.

అప్పుడే మా నాన్న ఒక కబురు తెచ్చేరు. ఓడల్లో గదులు తుడవడానికి దుమ్ము పీల్చీ మెషీన్లు ఉంటాయంట. పాతవి పోర్టు బైట ఓడ సామాన్ల కొట్టుకి వస్తాయంట. అది దుమ్ముని లేపదు, మింగీస్తాదని నాన్న చెప్పేరు. నాయనమ్మ చేటలో బియ్యం చెరుగుతా, తల కూడా ఎత్తకుండా "మింగినోడు ఎక్కడో ఒక చోట కక్కుతాడు కదేట్రా" అంది.

కొనడానికి వెళ్ళిన రోజు నాయనమ్మ కూడా బయల్దేరింది. కొట్టులో తాళ్ళు, లాంతర్లు, గొడుగులు, పింగాణీ పళ్ళేలు, వాటి మధ్యన రెండు మెషీన్లు. ఒకటి కుండలాగ గుండ్రంగా నేల మీద కూర్చుంది, దానికి ఏనుగు తొండం లాంటి గొట్టం. రెండోది నిలువుగా, మనిషి చెయ్యి అందీంత ఎత్తు పిడితో, పిడికి వేలాడతా బట్ట సంచి. అడుగున చక్రాలు, చక్రాల ముందర వెడల్పాటి నోరు. కొట్టాయన గుండ్రందాన్ని పొగడడం మొదలెట్టేడు. నాన్నకీ అదే నచ్చింది. అమ్మ మాత్రం వెళ్ళి ఆ నిలువుదాని పిడి పట్టుకుని, నాలుగడుగులు తోసి చూసింది. నడుం వంచకుండా, ఊరికే నడిచినట్టు. వెనక్కి తిరిగి నాన్న వైపు చూసింది. అంతే, ఏది కొనాలో తేలిపోయింది.

తేలనిది నాయనమ్మకే. కొట్టాయన కింద కాస్త దుమ్ము పోసి, మెషీన్ ఆడించి, చూడండమ్మా ఎలా లాగీసిందో అన్నాడు. నాయనమ్మ కొంగుముడి విప్పి కాగితం పొట్లం తీసింది. మా ఇంటి గుమ్మం దగ్గర పొద్దున్న ఎత్తిన పొడి అది.

"నీ కొట్లో దుమ్ము నీ మాట ఇంటాది బావూ. మా ఇంటి దుమ్ము ఇంటాదో లేదో సూద్దుం."

"సింహాద్రప్పన్న మీద ఒట్టమ్మా, ఏ దుమ్మైనా..."

"అప్పన్నని మద్దిలోకి తేకు. ప్లగ్గెట్టు."

మెషీన్ ఆ పొడిని కూడా లాగీసింది. నాయనమ్మ వంగి, ఆ చోట వేలితో రాసి, వేలు వెలుతురుకి పెట్టి చూసుకుంది. తప్పు దొరకలేదు. అది ఆవిడకి మరీ అనుమానం అయిపోయింది. సంచి లోపల ఒక కాగితం సంచి ఉండాలంట, అది ఇక్కడ దొరకదంట, ఉత్త బట్ట సంచితోనే వాడుకోండి అని కొట్టాయన నెమ్మదిగా చెప్పినప్పుడు, "ఇదిగో, ఇప్పుడొస్తంది బైటికి" అని నాన్న చెవిలో అంది.

రిక్షాలో అమ్మ ఒళ్ళో పెట్టుకుని దాన్ని ఇంటికి తెచ్చేం. స్విచ్చెయ్యగానే అది చేసిన రొదకి మేడ మీద పావురాలు లేచిపోయేయి. పక్కింటి అక్క పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. నాయనమ్మ కరెంటు మీటరు కింద పీట వేసుకుని కూర్చుని, అందులో చక్రం ఎంత జోరుగా తిరుగుతందో చూస్తా ఉండీది. అయినా సరే అమ్మకి దగ్గు తగ్గింది. జంపఖానా మీద, చాపల మీద, నేల మీద రోజూ ఒకసారి మెషీన్ నడిపీది. నాలుగు రోజులు పోయాక పనులు చేసుకుంటా సన్నగా కూనిరాగం తీసింది. అమ్మ పాడగలదని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత ఒక సాయంత్రం అమ్మకీ నాన్నకీ దేనికో మాటా మాటా పెరిగింది. చిన్న విషయమే, అన్నం వేళకి సర్దుకున్నారు. ఆ మర్నాటి నించే మొదలయ్యింది. పొద్దున్న లేచేసరికి మెషీన్ పెట్టీ మూలలో, నేల మీద నల్లగా పొడి. గాలికి అది ఇల్లంతా పాకీది. అమ్మ తుడిచీది, మర్నాడు మళ్ళీ. అమ్మకి దగ్గు తిరిగొచ్చింది, ముందుకన్నా ఎక్కువగా.

ఇంక ఆ ఇంట్లో ఎవరికి ఎవరి మీద అనుమానం లేదో చెప్పమనండి. నాన్న తలుపు కింద నించి గాలి కొడతందని సందులో గోనె సంచి కుక్కేరు. లాభం లేకపోయింది. కొట్టాయన మోసం చేసేడని వెళ్ళి కేకలేసేరు. ఆయన ఊరుకుంటాడేటి, "నా మెషీన్ కక్కదు బాబూ, మీ ఇంట్లో అది గిట్టనోళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూసుకోండి" అన్నాడంట. నాన్న ఆ మాట నవ్వుతా ఇంట్లో చెప్పేరు. ఎవరూ నవ్వలేదు. పక్కింటి అక్క బావి దగ్గర అమ్మతో, మీ అత్తకి మొదట్నించీ అదంటే పడదు కదే అని గొంతు తగ్గించి అనడం నాను విన్నాను. అమ్మ బిందె ఎత్తుకుని వచ్చీసింది. కానీ ఆ రోజు నించీ నాయనమ్మ మూల వైపు వెళ్తే అమ్మ కళ్ళు వెనకాలే వెళ్ళీవి. నా కళ్ళూ వెళ్ళీవి. నాయనమ్మ మాత్రం మెషీన్నే చూసీది, దొంగని చూసినట్టు.

ఆఖరికి నాన్న, ఇంక లాభం లేదు, ఎల్లుండి ఆనందపురం బస్సెక్కిస్తాను అనీసేరు. అమ్మ ట్రంకు పెట్టి దింపి చీరలు సర్దుకుంది. నాను పెట్టి పక్కనే కూర్చుని, తను మడత పెట్టినవి ఒకోటీ మళ్ళీ విప్పుతా ఉన్నాను. అమ్మ కోప్పడలేదు. మళ్ళీ మడత పెట్టీది.

నాయనమ్మ అది చూసింది. వంటింట్లోకి వెళ్ళి పసుపు డబ్బా తెచ్చి, జంపఖానా మీద గుప్పెడు పసుపు చల్లింది. మెషీన్ని ఆవిడ ముట్టగా మేం ఎప్పుడూ చూళ్ళేదు, అలాంటిది తానే స్విచ్చేసి, భయం భయంగా తోసి, ఆ పసుపంతా లాగించింది. నన్ను పిలిచింది.

"ఒలే గుంటా, నువ్వే సాచ్చికం. ఇప్పుడు దీని కడుపులో పసుపుంది. రేపు మూల నల్లగా ఉందా, బైట దుమ్ము. పచ్చగా ఉందా, ఇదే కక్కతంది. అప్పుడు ఆ కొట్టోడి సంగతి నాను సూత్తాను."

మర్నాడు నాను లేస్తూనే మూలకి పరిగెత్తేను. నేల పచ్చగా ఉంది. నాన్న వచ్చి చూసి, ఇప్పుడే తిరిగిచ్చీసి వస్తానని మెషీన్ పిడి పట్టుకున్నారు. నాయనమ్మ గెలిచినట్టే. కానీ ఆవిడ ముఖంలో గెలుపు లేదు. ఆ పసుపు వైపే చూస్తా ఉంది. అది మెషీన్ నోటి కింద లేదు. దానికి ఎడంగా, గోడ పొడుగునా పడుంది. ఒక చివర కుప్పగా, అక్కణ్ణించి పిడి పొడుగంతా సన్నగా, ఎవరో అక్కడ పడుకుని లేచి వెళ్ళినట్టు.

"ఆగరా," అంది. తర్వాత పీట మీద కూలబడి, "దీన్ని పడుకోబెట్టింది నానే" అంది.

సంగతి ఏటంటే, ఆ గొడవ జరిగిన సాయంత్రం నించీ ఆవిడ మనసు మనసులో లేదు. నిలబడ్డ చీపురు ఇంట్లో ఉంటే గొడవలు రాక ఏటవుతాది అనుకుంది. నాన్నతో చెప్తే నవ్వుతారని చెప్పలేదు. రోజూ అందరం పడుకున్నాక మెషీన్ని గోడవారగా పడుకోబెట్టి పాత చీర కప్పీది. పొద్దున్న అందరికన్నా ముందు లేచి నిలబెట్టీసీది. అది పడుకున్నప్పుడు సంచిలో పొడి కొంత బట్టలోంచి రాలి, మిగిలింది వెనక్కి జారి నోట్లోంచి బైటికొచ్చీది. ఆవిడకి ఆ ఆలోచనే రాలేదు. ఎలా వస్తాది? మెషీన్ని అనుమానించింది, కొట్టాయన్ని అనుమానించింది. పడుకోబెట్టడం మాత్రం మంచి పని కదా. మంచి పని మీద ఎవరికి అనుమానం వస్తాది?

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నాయనమ్మ తనని దగ్గరికి పిలిచింది.

"నువ్వు నన్ను అనుమానించేవు కదే?"

అమ్మ తల దించుకుంది.

"మంచి పని సేసేవు. నా మీద నాకే అనుమానం రాలేదు. నీకైనా వచ్చింది."

ఆ ఒక్క రోజు ఆగమని నాన్నని అడిగింది. మెషీన్ని మూలలో నిలబెట్టింది. కానీ మనసు ఒప్పాల కదా. చాలాసేపు దాని ముందర నిలబడి, చివరికి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, పిడికి పసుపు దారం కట్టింది, దసరాకి పనిముట్లకి కట్టినట్టు. "నువ్వు సీపురివి కాదు, పనిముట్టువి. నిలబడు" అంది దాంతో. మర్నాడు పొద్దున్న మూలలో నేల శుభ్రంగా ఉంది. అమ్మ నెమ్మదిగా ట్రంకు పెట్టి తెరిచి చీరలు మళ్ళీ దండెం మీద వేసుకుంది. ఈసారి నాను విప్పలేదు.

నాయనమ్మ ఆ తర్వాత తప్పయిందని ఎవరితోనూ అన్లేదు. మందపాటి గుడ్డ రెండు వరసలు వేసి కొత్త సంచి కుట్టింది. ఆ సంచి దులిపీ పని అమ్మని ముట్టుకోనివ్వలేదు. కొంగు ముక్కుకి చుట్టుకుని, వీధి చివరి దాకా తీసుకెళ్ళి, గాలి ఎటు కొడతందో చూసుకుని, అటు తిరిగి దులిపీది. నడుం పట్టీసినా, మోకాళ్ళు పట్టీసినా, ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆ పని ఆవిడదే. అమ్మకి ఆయాసం పూర్తిగా పోలేదు కానీ, ఆనందపురం పండక్కీ పబ్బానికీ తప్ప వెళ్ళలేదు.

ఇప్పటికీ నాకు అనుమానం ఎక్కువే, మీ అమ్మ చెప్పీ ఉంటాది. పాలు విరిగినా, గడియారం ఆగినా, మీరు ఆదివారం ఫోను చెయ్యకపోయినా, ఎవరు చేసేరు, ఎందుకు చేసేరు అని మనసు పరిగెడతాది. అప్పుడు మా మూలలో ఆ పచ్చటి మరక గుర్తొస్తాది. ఇందులో నాను పడుకోబెట్టింది ఏదైనా ఉందా అని ముందు నన్ను అడుక్కుంటాను. మొన్న ఆదివారం అలాగే అడుక్కుని చూస్తే, ఫోను నా దిండు కిందే ఉంది, దాని గొంతు నొక్కీసింది నానే. మీరు పాపం చాలాసార్లు చేసేరు.

మా ఇంట్లో చీపురు ఇప్పటికీ పడుకునే ఉంటాదమ్మా. నిలబడవలసినవి నిలబడే ఉంటాయి.