లేని మూడు సిలోయ్‌లు

మా బావ పేరు క్రిస్పులో. అతని చదువు రెండో తరగతితో ఆగింది గానీ, ఈల వేస్తే పిట్టలే మోసపోయేవి. సిలోయ్ అనే నల్లటి పాట పిట్ట మా సెబూ దీవి అడవుల్లో తప్ప లోకంలో ఎక్కడా లేదు. కుర్రతనంలో బావ దాని పాటే పాడి, పొదల్లోంచి రప్పించి, పట్టి సంతలో అమ్మేవాడు. అటవీ శాఖ అతన్నే కాపలాకి పెట్టింది. ఊరు ముక్కున వేలేసుకుంది. ఏం మాయో గానీ, ఆ రోజు నుంచి బావకి సిలోయ్ అంటే ప్రాణం.

ఏటా ఆఫీసరు ఉబాల్దే లెక్కకు వస్తాడు. సిలోయ్ కంటికి కనబడదు కాబట్టి, పాట వినిపించిన చోటల్లా ఒకటి రాసుకుంటాడు. మా కొండ మీద ఉన్నవి రెండే. రెండే అంటే తన కాపలా దండగ అనుకుంటారని బావకి భయం పట్టుకుంది. ఓ ఏడు ఆఫీసరు కంటే ముందుగా వెళ్లి పొదల్లో దూరి, మూడు చోట్ల ఈల వేశాడు. లెక్క ఐదుకు తేలింది.

నెల తిరక్కుండానే కాగితం వచ్చింది. పిట్టలు బాగా పెరిగాయట, ఇక కాపలా అక్కర్లేదట.

"పోయి నిజం చెప్పు. కాపలా లేదని తెలిస్తే రేపటికల్లా చెట్లు కొట్టేస్తారు, పిట్టలూ ఉండవు," అంది మా అక్క సోలింగ్.

బావ ఆఫీసుకెళ్లాడు. "సార్, అందులో మూడు పిట్టలు నేనే."

ఉబాల్దే పడీపడీ నవ్వాడు. "ఇరవై ఏళ్లుగా పిట్టల్నే వింటున్నా. నాకు తెలీదా అన్నా?"

బావ అక్కడే ఈల వేసి వినిపించాడు. ఆఫీసరు కళ్లు మూసుకుని విన్నాడు. "బాగానే ఉంది. కానీ ఇందులో తడి లేదన్నా. పిట్ట పిట్టే."

ఇంటికి రాగానే అక్క అడిగింది, "ఉద్యోగం ఏమైంది?"

"ఉద్యోగం తగలెయ్! నా ఈలలో తడి లేదంటాడా, వాడి మొహం!"

ఆ ఏడాదంతా బావ జీతం లేకుండానే కాపలా కాశాడు. మొక్కజొన్న నూకన్నంలో ఎండుచేప పెట్టి ఇస్తూ అక్క రోజూ తిట్టేది.

మళ్లీ లెక్క రోజొచ్చింది. ఈసారి బావ నోరు బిగబట్టుకుని ఆఫీసరు వెనకే నడిచాడు. రెండే వినిపించాయి. "కాపలా తీసేసి పాపం చేశాం. ఏడాదిలో మూడు పోయాయి," అని ఉబాల్దే టోపీ తీసి నిలబడ్డాడు. బావ కూడా తల వంచక తప్పలేదు. ఉద్యోగం తిరిగొచ్చింది.

అప్పటి నుంచి బావ ఈల మానేశాడు. ఎవరు విని ఏం రాసుకుంటారోనని భయం. నాకైతే ఆ ఈల లేని ఇల్లు చావు ఇల్లులా ఉంటుంది. ఇప్పటికీ తెల్లారితే ఇంటి వెనక పొదలోకి సిలోయ్ వస్తుంది. ఒక వరస పాడి, బావ జవాబు కోసం ఆగుతుంది. బావ గబగబా నూకన్నం ముద్ద నోట్లో కుక్కుకుంటాడు.