కింద ఏం పరుస్తున్రు

మంగళవారం. పొద్దున్నుంచి ముసురు. చెమ్మకు బూజు పట్టకుండా ఫ్లాపీలను మెత్తని బట్టతో తుడిచి ఆఫీసు బల్లమీద పరిచాను. అంతలో ఎదురు హోటలాయన గొడుగు మూయకుండానే గుమ్మంలో నిలబడి చెప్పాడు: "మీ నక్షల సార్ పోయిండట. తెల్లారంగ నమాజుకు లేచి, గట్లనే ఒరిగిండట."

ఏ రోజు చేసిన పని ఆ రోజే నోటుబుక్కులో రాసుకోవడం నా అలవాటు. ఈ రోజు పేజీలో ఇంకేమీ రాయలేక, ఆయన గురించి మీకు చెబుతున్నాను.

సిద్దిపేటలో ఇల్లు కట్టుకోదలచినవాళ్ళు చాలామంది ముందుగా ఆయన దగ్గరికే వచ్చేవారు. చాలా ఏళ్ళు ట్రేసింగ్ కాగితం మీద చేత్తో నక్షలు, అంటే ఇంటి ప్లాన్లు, గీశారు. పునాదికి ముగ్గు పోసిన జాగలోకి అడుగు పెట్టేముందు చెప్పులు విడిచేవారు. ఒకసారి మేస్త్రీ నవ్వాడు.

"గోడ లేదు, గడప లేదు. చెప్పులెందుకు ఇడుస్తున్నవ్ సార్?"

"నీకు కనిపిస్తలేదు. నేను నిన్ననే ఇల్లంత తిరిగొచ్చిన."

కంప్యూటర్ కొన్ననాటికి ఆయనకు యాభై దాటింది. ఆయన దగ్గర పనికి కుదిరిన నాకు చదువు అంతంతే. మాన్యువల్ ముందు పెట్టుకుని ఒక్కో కమాండూ కొట్టి చూసి నేర్చుకున్నాను. ఒకసారి గీసిన తలుపును పేరు పెట్టి దాచుకుంటే, ఆ పేరు కొట్టగానే ఎన్ని నక్షల్లోకైనా వచ్చి కూర్చుంటుందని చూపించాను. ఆయన తెరకు దగ్గరగా వంగారు.

"మళ్ళ గియ్యొద్దా?"

"వద్దు సార్."

"అయితే ఇది సందుగ అన్నట్టు."

సందుగ అంటే సామాను దాచుకునే పెట్టె. అలా దాచిన బొమ్మల లైబ్రరీకి అదే పేరు స్థిరపడింది. తలుపులు ఒక డైరెక్టరీలో, కిటికీలు ఒకదాంట్లో, మెట్లు ఇంకోదాంట్లో పెట్టించారు. పేరుకు ఎనిమిది అక్షరాలే పట్టేవి. బొమ్మను ఏ చుక్క దగ్గర పట్టుకుని నక్షలో దించాలో ముందే గుర్తుపెట్టాలి. ఆ చుక్కను ఆయన 'పట్టు' అనేవారు. నేను ఒక తలుపుకు మధ్యలో పట్టు పెడితే, "తలుపును నడుమ పట్టుకొని ఎవడు తిప్పుతడు తమ్మీ? బందు కాడ పెట్టు" అన్నారు.

నేను దాచినవాటిలో 'మెట్లు-4' ఒకటి. సిమెంటు గచ్చు వేసుకున్న ఒకరి ఇంటికి గీసింది. బాగా కుదిరిందని, తర్వాత వచ్చిన ఇండ్లన్నిటిలోకీ అదే దించాను. కానీ ఆ ఇండ్లవాళ్ళు షాబాదు బండలు పరిచారు. కిందా మేడమీదా నేల మూడు అంగుళాలు లేచింది. మెట్లమీద మాత్రం అంగుళం సిమెంటు పూతే. దాంతో కింది మెట్టు పొట్టిదైంది, చివరి మెట్టు రెండు అంగుళాలు ఎత్తయింది. మిగతా మెట్ల లెక్కన లేచిన కాలు అక్కడ తట్టుకుంటుంది.

చేత్తో గీసే రోజుల్లో, మెట్లు మొదలుపెట్టేముందు సార్ ఇంటివాళ్ళను ఒక మాట అడిగేవారు: "కింద ఏం పరుస్తున్రు?" సందుగ వచ్చాక ఆ మాట అడగకుండానే మెట్లు వచ్చేవి.

బట్టల దుకాణం సేటు తల్లి, ఇల్లు చేరిన ఏడాదికి, మిరపకాయల చాటతో మేడ ఎక్కుతూ ఆ చివరి మెట్టుకు తట్టుకుని పడింది. తుంటి విరిగింది. సేటు మా ఆఫీసుకు వచ్చాడు.

"గీ మెట్లు గీసినోడెవడు?"

నా చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి.

"నేనే" అన్నారు సార్.

"కండ్లు కనవడకపోతే ఇంట్ల కూసోరాదు?"

"అవును సేటూ. కనవడలే."

సేటు వెళ్ళాక నేను ఏదో చెప్పబోయాను. "నక్ష కింద దస్కతు ఎవరిది తమ్మీ? నాది. గంతే" అన్నారు. తెర వైపు చూపించి, "సందుగ తెరిస్తే జవాబొస్తది. సవాలు రాదు" అన్నారు.

ఆ నెలంతా చెరో కొస టేపు పట్టుకుని, మెట్లు-4 దిగిన ఇండ్లు తిరిగాం. నేల లేచినంత మందం మెట్లమీదా వేయించి సరిచేశాం. ఒకరిద్దరు గేటే తీయలేదు. ఆయన దగ్గరికి కొత్తవాళ్ళు రావడం తగ్గింది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

తర్వాత సందుగలోని ప్రతి బొమ్మలో ఆయన ఒక సవాలు, అంటే ప్రశ్న, రాయించారు. తెరమీద కనబడుతుంది, కాగితం మీద పడదు. కిటికీ దించితే, గాలి ఎటునుంచి? మెట్లు దించితే, కింద ఏం పరుస్తున్రు? ఒంట్లో బాగాలేక ఆయన ఆఫీసు మానేసిన తర్వాత కూడా, నేనొక్కణ్ణే ఉన్న గదిలో ఆ ప్రశ్నలు రోజూ లేచి నిలబడేవి. కొన్నిసార్లు పైకే జవాబు చెప్పేవాణ్ణి. చెప్పి, కుర్చీ వెనక్కి తిరిగి చూసేవాణ్ణి.

ఈ మధ్యాహ్నం సార్ సమాధికి మట్టి ఇచ్చి వస్తుంటే, ఖబరస్తాన్ గేటు దగ్గర సేటు పక్కాయనతో అంటున్నాడు: "మనిషి మంచోడే. గని మా అమ్మను పడగొట్టిన మెట్లు ఆయనయే."

"ఆయనయి కావు సేటూ" అన్నాను. "నేను గీసినయి."

సేటు నా వైపు తిరిగాడు. "ఇన్నేండ్లు నోరు లేదా నీకు?"

నేను తల వంచుకున్నాను.

"నాకు కాదు. నడువ్, అమ్మకు చెప్పు."

ఆమె కింది గదిలో మంచం మీద కూర్చుని ఉంది. పడ్డనాటి నుంచి మేడ ఎక్కలేదు. అంతా విని, కోపం చేయలేదు.

"మరి గా సార్ పండుగ పండుగకు వచ్చి, 'మెట్లు మంచిగ జేయించిన, ఒక్కపారి ఎక్కుదాం రా అమ్మా' అని ఎందుకు అడిగిండు? నేను పోకపోతి."

ఆమె కర్ర అందుకుంది.

"నువ్వు గీసినయే గదా. చెయ్యియ్యి."

ఒక్కో మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. సేటు కిందే నిలబడిపోయాడు. చివరి మెట్టు ముందు నా మణికట్టు గట్టిగా పట్టుకుని కాలు లేపింది. ఆ పాదం సరిచేసిన మెట్టును దాటి ఇంకా పైకి, సరిగ్గా రెండు అంగుళాలు పైకి లేచి, అక్కడ ఇప్పుడు లేని పాత అంచు కోసం గాలిలో వెతుక్కుంటోంది.