అటో కిలో, ఇటో కిలో

జాలరిపేట సీతాలు వీధి మొదట్లో "సేపలో..." అని కేకేస్తే వీధి చివరింట్లో పిల్లి లేచి ఒళ్ళు విరుచుకునేది. ఆ గొంతుకి బేరమాడేవాళ్ళు జంకేవారు, గంప ఎక్కించనన్న బస్సు కండక్టర్లు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు. మొగుడు ఎల్లారావు మాత్రం జంకడం ఎప్పుడో మానేశాడు. సముద్రం మీద తిరిగేవాడికి హోరు ఒక లెక్కా? అంత నోరున్న మనిషికి ఒకే ఒక్కసారి, ఒకే ఒక్క కొట్లో మాట పెగల్లేదు. అదెందుకో తెలియాలంటే ముందు పదిహేడిళ్ళ సంగతి తెలియాలి.

మద్దిలపాలెంలో బస్సు డిపో వెనక వీధుల్లో సీతాలుకి పదిహేడు వాడుకిళ్ళు ఉండేవి. అవి తను సంపాదించుకున్నవి కావు. అత్తగారు దేముడమ్మ మోకాళ్ళు మొరాయించి గంప దించేసిన రోజున కోడల్ని వెంటబెట్టుకుని, గుమ్మం గుమ్మానికీ తిప్పి అప్పగించినవి. "ఈలింట్లో తలకాయి కూరంటే ప్రాణం. ఆ మేడమీద బాబుకి ముల్లు తగిలితే కోపం. ఈ అమ్మగారికి దొడ్డి గుమ్మంలోంచే ఇయ్యాల, తినరని వీదంతా నమ్మకం. ఒక్కిల్లు పోనా నా మొకం సూడకు" అంది ముసలమ్మ. మెడలో బంగారు నాను తీసి ఇచ్చినా అన్ని జాగ్రత్తలు చెప్పేది కాదు.

తొంభై ఏడు వేసవిలో నాలుగిళ్ళు పోయాయి. పట్టుకుపోయినవాడు పరాయివాడు కాదు, అదే పేటలోని త్రినాథరావు, వరసకి మరిది. వెనక ఐసు పెట్టె కట్టిన మోపెడ్ ఒకటి కొన్నాడు. దానికి మేకపిల్ల అరిచినట్టు అరిచే హారను. సీతాలు నెత్తిన గంపతో పెదవాల్తేరు ఎత్తు ఎక్కి, దిగి, డిపో వెనక్కి చేరేసరికి ఆ నాలుగిళ్ళలోంచీ చేపల పులుసు వాసన వచ్చేది. మిగిలిన పదమూడిళ్ళవాళ్ళూ ఆ వాసన పీలుస్తూ గుమ్మంలో నిలబడి ఆలోచనలో పడుతున్నారు.

ఆరో ఇంట్లో అనూరాధ అని ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. కొత్తగా స్కూటరు కొనుక్కుంది. వరండాలో పాత లేడీస్ సైకిలు బూజు పట్టి ఉంది. "తీసుకుపో సీతాలూ. నడిచి మోపెడ్‌ని ఏం పట్టుకుంటావు?" అంది.

సీతాలుకి అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఆటు సమయంలో తడి ఇసక గట్టిపడ్డ చోట సైకిలు నేర్చుకుంది. బోర్లించిన పడవ మీద కూర్చుని దేముడమ్మ గురుత్వం వహించింది. జన్మలో సైకిలెక్కని మనిషి.

"సుక్కాని గట్టిగా అట్టుకోయే! కిందకి సూడకు, ముందుకు సూడు! పడితే పడ్డావు, ఇసకేటి కొరికేత్తాదా?"

వారంలో వచ్చేసింది. ఇసక మీద అంతా బాగానే ఉంది. చిక్కు తారు రోడ్డు మీద మొదలైంది.

మద్దిలపాలెం వైపు దిగే వాలులో, ఓ కాలేజీ గేటు ముందు, వరసగా మూడు స్పీడు బ్రేకర్లు. ఆ రోజుల్లో పేటలో సీతాలు ఈడువాళ్ళెవరూ రవిక కింద ఇంకేమీ వేసుకునేవారు కారు, అవసరమూ పడలేదు. నెత్తిన గంప ఉన్న ఆడది నీళ్ళకుండ తొణకనట్టు నడుస్తుంది. మెడ కదలదు, నడుము ఒక్కటే పని చేస్తుంది, మిగతా ఒళ్ళు గంపకి భయపడి ఒద్దికగా ఉంటుంది. సైకిలు మీద సంగతి తిరగబడింది. గంప వెనక క్యారియర్ మీద కదలకుండా కూర్చుంది. కదలాల్సినవీ అక్కర్లేనివీ అన్నీ ముందు కదిలాయి. మూడో బ్రేకరు దాటేసరికి సీతాలుకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. మర్నాటి నుంచి ఎడం చెయ్యి హ్యాండిలు మీద, కుడి చెయ్యి గుండెల మీద అడ్డంగా పెట్టుకుని దిగడం మొదలుపెట్టింది.

త్రినాథరావు చూడనే చూశాడు. "ఏటొదినా, జెండా వందనం సేత్తన్నావా?" అని హారను కొట్టుకుంటూ పోయాడు.

తిరిగి తిట్టడానికి తల తిప్పింది. ఒంటి చేతి హ్యాండిలు వంకర పోయింది. గంపలోని కవళ్ళు, వేలెడేసి చేపలు, రోడ్డంతా వెండి పరిచాయి. టీ బడ్డీ దగ్గర ఉన్నవాళ్ళు ఏరిపెట్టారు, నవ్వాపుకుంటూ. ఆ రోజు ఇంకో ఇల్లు పోయింది. పన్నెండు.

దేముడమ్మ తనకి తెలిసిన వైద్యం చేసింది. పాత పంచె చింపి కోడలి ఛాతీ చుట్టూ ఆరు చుట్లు చుట్టి, వలకి వేసే ముడి వేసింది. వాలు దిగడానికి బ్రహ్మాండంగా ఉండేదేమో గాని, దిగాలంటే ముందు ఎక్కాలి కదా. పెదవాల్తేరు ఎత్తు సగంలో సీతాలుకి ఊపిరి అందక, సైకిలు గోడకి చేరేసి, ఐసు లేని చేపలా నోరు తెరుచుకుని కూర్చుంది.

చివరికి అనూరాధ దగ్గర నోరు విప్పింది. అదీ వంటింట్లో, పొలుసు తీస్తూ, చేపతో చెప్పినట్టు.

"ముందే అడగొచ్చు కదా!" అంది అనూరాధ. "మా పరుగుపందెం పిల్లలకి మొదట చెప్పేది ఇదే. మంచి బాడీ ఒకటి కొనుక్కో. భుజాల మీది పట్టీలు బరువు మొయ్యకూడదు, చుట్టూ తిరిగే అడుగుపట్టీ మొయ్యాలి. చేతులెత్తితే అది వీపు మీదికి ఎగబాకకూడదు. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, మూడోది దూరకూడదు. నూలుది తీసుకో, చెమట పీలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, సైకిలు మీద వంగినట్టు వంగి చూసుకో."

ఇంటికొచ్చి చెబితే దేముడమ్మ తేల్చి పారేసింది. "తెప్ప కట్టినట్టే గదే! బిగువంతా అడుగునుండాల. మరీ బిగిత్తే దుంగ సీలిపోద్ది, వదిలేత్తే కెరటానికి ఇడిపోద్ది. ఇది సెప్పడానికి అంత సదువెందుకు?"

మద్దిలపాలెంలో గురునాథరావు శావుకారి ఫ్యాన్సీ కొట్టు ఉంది. గుమ్మానికి రిబ్బన్లూ, ప్లాస్టిక్ బుట్టలూ, సైకిలు సీటు తొడుగులూ వేలాడుతుంటాయి. లోపలి అద్దాల బీరువాలో బాడీల పెట్టెలు. వాటిని కొనడానికి ఊళ్ళో ఒక పద్ధతి ఏర్పడి ఉంది. ఆడవాళ్ళు వచ్చి ముందు పిన్నీసులు అడుగుతారు. తర్వాత ఫ్యాను కేసి చూస్తారు. శావుకారికి అర్థమవుతుంది. ఆయన కనురెప్పపాటు మనిషిని చూసి, ఆపైన గోడ కేసి చూస్తూ, చెయ్యి వెనక్కి చాపి ఒక పెట్టె తీసి, పేపర్లో చుట్టి దారం కట్టేస్తాడు. మంచి మనిషి. ముప్ఫై ఏళ్ళలో ఒక్క ఆడదాన్నీ ఇబ్బంది పెట్టలేదు, ఒక్కదానికీ సరైనది ఇవ్వలేదు.

సీతాలు వెళ్ళింది. పిన్నీసులు అడిగింది.

"ఇంకేమన్నా కావాలా అమ్మా?"

వీధి చివర పిల్లిని లేపే గొంతు ఎటు పోయిందో! సీతాలు ఫ్యాను కేసి చూసింది. పొట్లం వచ్చింది.

ఇంటికొచ్చి విప్పితే ఎర్ర గులాబీలు, లేసులు, సాగే పట్టీలు. "ఓలమ్మో, పెళ్ళి పందిరి!" అంది దేముడమ్మ. అది వేసుకుని మర్నాడు వాలు దిగితే మొదటి బ్రేకరుకి పందిరి ఊగింది, రెండోదానికి ఒకటికి రెండింతలు ఎగిరింది, మూడోదానికి వెనక హుక్కు టప్పున తెగి ఎటో పోయింది. మార్చమందామంటే కొట్లో పెద్దక్షరాల బోర్డు: "లోపలి బట్టలు మార్చబడవు."

సీతాలుకి శావుకారి మీద కోపం రాలేదు. తన మీద వచ్చింది. "మొప్ప ఎత్తి సూడకుండా సేప కొనీసినానత్తా! నాను! సీతాల్ని!" అని నుదురు కొట్టుకుంది. మొప్ప ఎత్తి చూపించి, వేలితో నొక్కి చూపించి గాని ఎవరికీ చేప అమ్మని మనిషి, దారం కట్టిన పొట్లం పట్టుకుని తలొంచుకుని వచ్చేసింది. ఆ సిగ్గు ముందు మొదటి సిగ్గు చిన్నదైపోయింది.

మర్నాడు అమ్మకం అయ్యాక తిన్నగా కొట్టుకెళ్ళింది. గంప బయట పెట్టింది. తూకం రాళ్ళు రెండు, కిలోవి, కొంగులో పట్టుకుని లోపలికి నడిచింది. కొట్లో నలుగురు ఆడవాళ్ళు ఫ్యాను కేసి చూస్తున్నారు.

"శావుకారూ! బాడీలు సూపండి. ఒకటి గాదు, ఉన్నయ్యన్నీ దింపండి."

"మెల్లిగా తల్లీ, మెల్లిగా..." గురునాథరావు గోడ కేసి తిరిగాడు.

"మెల్లిగా అమ్మితే సేపలు కుళ్ళిపోతాయి బాబూ. ఇప్పండి."

మొదటిది తీసి త్రాసు ఎత్తినట్టు రెండు పట్టీలూ పట్టుకుని పైకెత్తింది. అటో కిలో, ఇటో కిలో వేసింది. పైకీ కిందికీ ఆడించింది. పట్టీలు బావి తాడులా సాగి రాళ్ళు కౌంటరుకి కొట్టుకున్నాయి. "ఇది ఊయల. సంటిపిల్లలకి ఇయ్యండి." రెండోది సాగలేదు గాని, కుట్టు కిర్రుమంది. "ఇది మొప్ప తెల్లగైపోనాది." ఫ్యాను కేసి చూస్తున్నవాళ్ళలో ఒకామె తల దించి, "ఆ నీలంది కూడా వేసి చూడమ్మా, నేనదే వాడుతున్నా" అంది. నీలంది నిలవలేదు. "అందుకే!" అంది ఆమె, ఎన్నాళ్ళదో నొప్పి గుర్తొచ్చి. క్షణంలో నలుగురూ కౌంటరు చుట్టూ చేరారు.

అయిదోది తెల్ల నూలుది. వెడల్పు పట్టీలు, నాలుగు వేళ్ళంత అడుగుపట్టీ, పువ్వూ లేదు ముగ్గూ లేదు. రాళ్ళు వేసి ఆడిస్తే పొత్తిళ్ళలో నిద్రపోతున్నట్టు ఊరుకున్నాయి.

"అది ముసలాళ్ళు కొంటారమ్మా" అన్నాడు శావుకారు గోడతో.

"ముసలోళ్ళకి తెలివుంటాది బాబూ."

గోలకి వెనకింట్లోంచి ఆయన భార్య గౌరీశ్వరి వచ్చింది. సంగతి చూసి, టేపు పట్టుకుని సీతాల్ని సరుకు గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. కొలిస్తే, మొన్న ఇచ్చింది చుట్టుకొలత రెండు సైజులు ఎక్కువ, గిన్నె రెండు సైజులు తక్కువ. సీతాలు తెల్లది తొడుక్కుని చేతులెత్తింది, రెండు వేళ్ళు దూర్చింది, స్టూలు మీద కూర్చుని చీపురుకట్ట హ్యాండిలులా పట్టుకుని వంగింది, ఆఖరికి మూడు సార్లు గెంతింది. బయట గాజు సీసాలు కదిలాయి. సీతాలు కదల్లేదు.

గౌరీశ్వరి తలుపు తీసి మొగుణ్ణి చూసింది. "ముప్ఫై ఏళ్ళు మీ కంటి కొలతతో ఊరంతటికీ ఊపిరాడకుండా చేశారన్నమాట" అంది. ఆ మధ్యాహ్నం నుంచి బీరువా తాళం ఆమె బొడ్డులోకి మారింది. పొద్దున్న కొట్టు తెరిచే గంట మాత్రం, ఆమె వంటలో ఉంటుంది కనక, ఆయనకి మిగిలింది.

ఆ తర్వాత సీతాలు రెండు చేతులూ హ్యాండిలు మీద పెట్టి, బెల్లు మోగించుకుంటూ మూడు బ్రేకర్లూ దాటేది. గంపలో కవళ్ళు ఎగిరేవి, అంతే. ఐసు పెట్టె పగులుతుందని త్రినాథరావు అక్కడ కాళ్ళు నేల మీద ఈడుస్తూ దిగాల్సి వచ్చేది. పైగా అతను బండి దిగేవాడు కాడు. సీతాలు దిగి, పొలుసు తీసి, ముక్కలు కోసి ఇచ్చేది. ఒక్కొక్క ఇల్లే తిరిగొచ్చింది. పదహారయ్యాయి. ముల్లంటే కోపం వచ్చే మేడమీద బాబు ఒక్కడే ఇంకా హారనుకే తలుపు తీస్తున్నాడు.

ఓ సాయంత్రం పేటలో త్రినాథరావు ఆపాడు. "ఒదినా, నిజం సెప్పు. ఆటోనగర్లో ఎవుడి దగ్గిర ఏయించినావు?"

"ఏటి?"

"అదే, స్ప్రింగులో, షాకబ్జార్బరో. బ్రేకరు మీద ముందు గిలగిల్లాడిపోయేదానివి. ఇప్పుడు రైల్లో కూకున్నట్టు ఎల్తన్నావు. నా ఐసు పెట్టికీ ఏయించాల."

సీతాలు చాలాసేపు సముద్రం కేసి చూసింది. మొహం అటు తిప్పుకోకపోతే పని చెడిపోయేది.

"ఆటోనగర్లో దొరకదు మరిదీ. మద్దిలపాలెంలో గురునాథరావు శావుకారి కొట్టు. పొద్దున్న ఎనిమిదింటికే ఎల్లు, తరవాత రద్దీ. సీతాలు సైకిలికి వాడే సరుకని అడుగు. శావుకారు మొకమాటస్తుడు, పేరెట్టి అడక్కు."

మర్నాడు ఎనిమిదింటికి త్రినాథరావు చేపలబండితో కొట్టు ముందున్నాడు. గుమ్మంలో సైకిలు సీటు తొడుగులు చూసి అనుమానమేదైనా ఉంటే తీరిపోయింది.

"సీతాలొదిన సైకిలికి వాడే సరుకు కావాలండి. బరువు ఆపాల, ఊగకూడదు."

భార్యలు పంపిన మొగుళ్ళు ఇంతకన్నా డొంకతిరుగుడుగా అడగడం గురునాథరావు చూశాడు. గోడ కేసి తిరిగాడు. "ఎంత సైజు బాబూ?"

"నాది పెద్దదండి. ఉన్నాటిలో పెద్దదే ఇయ్యండి."

పొట్లం పట్టుకుని తిన్నగా టీ బడ్డీ పక్క పంక్చర్లు వేసే భీమశంకరరావు దగ్గరికి వెళ్ళి, "బావా, ఇది బిగించీ" అని ఇచ్చాడు. భీమశంకరరావు స్పానరు పక్కన పెట్టి దారం తెంపాడు. విప్పి, రెండు చేతులా పట్టుకుని, వెలుతురుకి ఎత్తి చూశాడు. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దింపారు.

"బావా, ఇది ముందు సెక్రానికా, ఎనక సెక్రానికా?"

ఆ సమయానికి సీతాలు మేడ మెట్ల మీద కూర్చుని, ముల్లు లేకుండా తీసిన వంజరం ముక్కలు బాబు గిన్నెలో వేస్తోంది. పదిహేడు.

"ఎన్నిళ్ళే?" అని ఆ రోజు దేముడమ్మ అడిగింది. సంఖ్య విని, పొగాకు నోట్లో వేసుకుని, కోడలి మొహం కేసి తీరిగ్గా చూసింది.

త్రినాథరావు రెండు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. మూడో రోజు పొద్దున్న అతని పెళ్ళాం నాగమణి సీతాలు గుమ్మంలో నిలబడింది. సీతాలు దెబ్బలాటకి కొంగు బిగించుకుంది.

"సీతాలప్పా, మా ఆయన తెచ్చింది బాగుంది, గట్టిది. కాపరానికొచ్చాక పనికొచ్చే వస్తువు తేడం ఇదే" అంది నాగమణి, నవ్వో సిగ్గో తెలియకుండా. "గానీ నాకు శానా పెద్దదైపోనాది. మారుత్తారేటి?"

"మార్చరే. బోర్డుంది."

నాగమణి మొహం చిన్నబోయింది. సీతాలు లోపలికి వెళ్ళి తూకం రాళ్ళు రెండూ తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది.

"ఇయ్యి అట్టుకెళ్ళి గౌరీశ్వరమ్మ ముందు కౌంటరు మీద ఎట్టు. ఏటీ మాటాడకు. ఆవిడే మారుత్తాది."