గోడవైపు రంగు

మొన్న మా కోడలు ఫోనులో సోఫా ఒకటి చూస్తూ, దాన్ని వేలితో గిరగిరా తిప్పి, ఎంత బాగుందో చూడండత్తయ్యా అంది. సోఫా సంగతేమోగాని నాకు పాత కోపం ఒకటి గుర్తొచ్చింది.

ఎనభైల చివర్లో నాది ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. ఆరు పలకల ఇనపదిమ్మెను కంప్యూటరు తెరమీద ఆగకుండా తిప్పి చూపిస్తానని ప్రాజెక్టు రాసిచ్చాను. మా గైడుగారు నవ్వారు. ఈ మిషను మీద అది జరిగే పని కాదట, ఆడపిల్లను గనక హాయిగా లైబ్రరీ పుస్తకాల జాబితా చేసుకోవాలట. కాదూ కూడదంటే ఫస్టుక్లాసు మర్చిపొమ్మన్నారు. నేను మొండిదాన్ని, కాదూ కూడదన్నాను. తీరా చేస్తే దిమ్మె కాస్త కదలడం, ఆగడం, మళ్లీ గీసుకోవడం. చూడలేక చచ్చాను.

ఆ దిగులుతోనే సెలవులకు నరసరావుపేట వచ్చాను. మా పక్కింటి బాబాయికి బీరువాలు చేసే షెడ్డుంది. మధ్యాహ్నం నమాజు చేసుకొచ్చి, ఒక బీరువాకు మూడువైపులా పచ్చరంగు నున్నగా కొట్టాడు. వెనక రేకుకు మాత్రం ఏదో ఎర్రరంగు ఒక పూత పూసి వదిలేశాడు. ఇదేం పని బాబాయ్ అన్నాను.

"గోడవైపు ఎవురు చూస్తారమ్మాయ్? చూడనిదానికి చాకిరేంది?"

నాకు చప్పున వెలిగింది. నా మిషను చేస్తున్నది సరిగ్గా ఆ చాకిరే! కంటికి అటు తిరిగిన ముఖాలకు కూడా రంగు వేసుకుంటూ కూర్చుంది. కాలేజీకి వెళ్లీ వెళ్లగానే, ఏ ముఖం ఎటు చూస్తోందో ముందే తేల్చి, అటు తిరిగినవాటిని లెక్కలోంచి తీసిపారేశాను. దిమ్మెను తిప్పడానికి కావలసిన సైను, కొసైను విలువలు మాటిమాటికీ కట్టకుండా ముందే పట్టిక వేసి మెమరీలో పెట్టాను. దిమ్మె తిరిగింది. ఆగకుండా తిరిగింది.

వైవా రోజున గైడుగారు మొహం గంటు పెట్టుకున్నారు. వెనకభాగం గీయనేలేదు, ఇది ఘనాకారమే కాదు, ఒట్టి మోసం అన్నారు. బయటి కాలేజీనుంచి వచ్చిన పరీక్షకుడు జవాబు కోసం నావైపు చూశాడు.

"నా వీపు మీకు కనపడుతోందా సార్? అంతమాత్రాన నేను మనిషిని కాకుండా పోతానా?" అని గైడుగారినే అడిగాను.

పరీక్షకుడు నవ్వాడు. గైడుగారు నవ్వలేదు. తన వంతు మార్కులు అత్తెసరుగా వేసి, క్షమాపణ చెప్పుకుంటే పెంచుతానని కబురు పంపారు. అమ్మ బతిమాలింది, ఏడ్చింది. నేను వెళ్లలేదు. ఫస్టుక్లాసు పోయింది. తర్వాత ఉద్యోగంలో, సంసారంలో ఎన్నిచోట్ల తలవంచానో లెక్కలేదు. కాలం నాచేత చాలా ఒప్పించింది గాని, ఆ ఒక్క క్షమాపణ మాత్రం ఇప్పటికీ చెప్పించలేకపోయింది.