చీర మీద బమాకో

నిన్న పళ్ళ డాక్టరు దగ్గర ఎంతసేపటికీ నా వంతు రాలేదు. రిసెప్షన్ అమ్మాయితో ఓ విడత గొడవపడి కూర్చుని, ఫోన్‌లో మ్యాపు అటూ ఇటూ జరుపుతుంటే పశ్చిమాఫ్రికాలో బమాకో తగిలింది. ఊరి మధ్య నైజర్ నది, దాని మీద మూడు వంతెనలు. మూడా? నాకు తెలిసిన బమాకోలో రెండే. ఒకటి నాన్న చెక్క స్కేలు, ఇంకోటి నా ప్లాస్టిక్ స్కేలు.

తొంభైల్లో మేం ముగ్గురం బహ్రెయిన్‌లో, రిఫాలో ఓ ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నాన్న నీటి పైపుల ఇంజినీరు. పని మీద రెండు నెలలు మాలీ రాజధాని బమాకో వెళ్ళొచ్చి, అక్కడే ఉద్యోగం ఇస్తామంటున్నారని, శనివారంకల్లా ఏ సంగతీ చెప్పాలని బాంబు పేల్చాడు. ఆయనకి ఏదైనా నోటితో చెప్పడం చేతకాదు, నేల మీద పరిచి చూపించాల్సిందే. అమ్మ ఆకుపచ్చ నేతచీర హాలు పొడవునా పరిచాడు. అది నైజర్. అడ్డంగా రెండు స్కేళ్ళు. కాస్త దిగువన అప్పడాల కర్ర, వరదొస్తే మునిగిపోయే దారి. ఓ పక్క కుక్కరు గుట్ట, దాని నెత్తిన వెయిటు ప్రెసిడెంటు గారి భవనం. ఒడ్డున కూరగాయల మళ్ళకి కొత్తిమీర కట్టలు, సన్నటి పొడుగాటి పడవలకి బెండకాయలు. అక్కడి ఎర్రదుమ్ము చూపించడానికి కారం డబ్బా ఎత్తబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

“నీళ్ళు తియ్యగా ఉంటాయా అండీ?” అంది. ఆవిడకి కావలసింది అదొక్కటే. బెజవాడలో కృష్ణ ఒడ్డున పెరిగిన మనిషి. రిఫాలో కుళాయి తిప్పితే ఉప్పునీళ్ళు, తాగడానికి క్యాన్లు కొనుక్కోవాలి.

“అచ్చం మన కృష్ణే. ఆడవాళ్ళు ఒడ్డున బట్టలుతుక్కుంటూ ఒకటే కబుర్లు.”

అమ్మ మొహం వెలిగిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మరి నా స్కూలు, నా స్నేహితులు?

“నేను రాను! నాకు ఫ్రెంచి రాదు!”

“నాకు మాత్రం వచ్చా తల్లీ? రెండు నెలలూ చేతులతోనే బేరమాడాను.”

గుట్టని ఒక్క తన్ను తన్నాను. వెయిటు ఊడి, దొర్లుకుంటూ పోయి చీరలో పడింది.

“అయ్యయ్యో, ప్రెసిడెంటు గారు ఏట్లో పడ్డారే!” అంది అమ్మ.

కోపంలో ఉండగా నవ్వు రావడమంత అవమానం ఇంకోటి లేదు. నవ్వేశాక, “మరి మన ఇల్లేది?” అనడిగాను. నాన్న జేబులోంచి అగ్గిపెట్టె తీసిచ్చాడు. నేనే పెట్టాను, నదికి ఆనించి.

“ముగ్గురం పడతామా అందులో?” అంది అమ్మ.

“ఇరుక్కుందాంలే,” అన్నాడు నాన్న.

శనివారం నాన్న చెప్పులు విప్పుతూనే “ఖలాస్” అన్నాడు. ఫ్యామిలీతో కుదరదు, ఒక్కడివే రమ్మన్నారట. “అగ్గిపెట్టెలో ముగ్గురం అనుకున్నాం కదా. వద్దనేశాను.”

అమ్మ లేచి క్యాన్లోంచి ఆయనకి మంచినీళ్ళు వంచి ఇచ్చింది. ఆ తర్వాతి గురువారం సాయంత్రం అదే చీర కట్టుకుని, బుదైయాలో సముద్రం దగ్గరికి తీసుకెళ్ళమంది. మోకాళ్ళ దాకా దిగింది. చీరంచు తడిసిపోయింది.

“చూశావా, నైజర్ సముద్రంలో కలిసింది,” అన్నాడు నాన్న.

“చాల్లెండి సంబడం,” అంది గానీ, చాలాసేపు ఒడ్డుకి రాలేదు.

ఆ మూడో వంతెన ఎప్పుడు కట్టారో ఫోన్‌ని అడిగితే చెబుతుంది. అడగలేదు. చీర ఇప్పుడు నా బీరువాలో ఉంది. కాలం అక్కడ ఎన్ని వంతెనలు కట్టుకుంటూ పోయినా, దీని మీద మాత్రం రెండు స్కేళ్ళకీ ఒక అగ్గిపెట్టెకీ చోటు.