వ్యాను వెనక అమ్మ సైకిలు

డిసెంబరు ముసురు వెలిసిన పూట కిటికీ ఊచలకు పట్టిన తుప్పును కిరసనాయిలు గుడ్డతో తుడుస్తుంటే వచ్చే వాసన నన్ను ఏటా ఒకచోటికే తీసుకుపోతుంది. వాకాడు దాటినాక సముద్రం వైపు తిరిగే మట్టి దోవ, దాని పక్కన మస్తాన్ కొలిమి, ఆ కొలిమికి వీపు చూపిస్తూ నిలబడిన బూడిదరంగు ఆసుపత్రి వ్యాను.

ఆ వ్యానుకు నాన్న డ్రైవరు, అమ్మ నర్సు. అరవైల మొదట్లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, వానలు తగ్గింది మొదలు ఆరు వారాలపాటు ఆ వ్యానే మా ఇల్లు. అటొకటి ఇటొకటి రెండు బల్లలు, పగలు రోగులు కూచునేవి, చీకటి పడితే మేం పడుకునేవి. వాటి మధ్య సందు నా జానతో మూడున్నర జానలు. ఆ సందులోనే నేను గచ్చకాయలు ఆడేదాన్ని, ఆ సందులోనే అమ్మ స్టవ్వు వెలిగించి మొలగొలుకుల అన్నం, పల్లెకారులు ఆకులో చుట్టి ఇచ్చిన రొయ్యలతో పులుసూ వండేది. క్రిస్మసుకని దాచిన మురుకుల డబ్బా బల్ల కింద ఉండేది, రోజుకు రెండు చొప్పున పండగదాకా వస్తాయని నేను లెక్కగట్టి పెట్టుకున్నాను. సరుగుడు తోపుల మీదినుంచి వచ్చే ఉప్పుగాలికి అవి మూడోరోజుకే మెత్తబడేవి, అయినా లెక్క తప్పనిచ్చేదాన్ని కాదు.

అదే సందులో అమ్మ సైకిలూ నిలబడి ఉండేది. ఎందుకంటే కాలవ కట్ట వ్యాను పట్టనంత సన్నం, ఆ కట్ట వెంబడి ఐదు ఊళ్లు. నడిచి పోతే పొద్దుగూకేలోపల రెండు ఊళ్లు అవుతాయి, సైకిలు మీదయితే ఐదూ అవుతాయి. ఒకనాడు గతుకుల్లో సైకిలు ఒరిగి, హ్యాండిలు తగిలి, పదకొండు మందు సీసాలు పగిలినాయి. ఇక సైకిలు వ్యానులో పెట్టవద్దని నెల్లూరి ఆసుపత్రి డాక్టరుగారు చెప్పేశారు. టాపు మీద పెడదామంటే అక్కడ మంచినీళ్ల పీపా, గుడారం గుడ్డా ఉన్నాయి. ఐదులోంచి రెండు తీసేసి, మూడు ఊళ్లు పోతాయని నేను అమ్మతో అంటే, ఆమె నావైపు చూడకుండా బల్ల మీది దుప్పటి మడతపెట్టింది. ఆ చివరి ఊళ్లో కాళ్లకు నీరు పట్టిన చూలాలు ఒకామె ఉంది. మళ్లీ వారం వస్తానని అమ్మ ఆమెకు మాటిచ్చి వచ్చింది.

వ్యానుకు తలుపు పక్కనుండేది కాబట్టి వెనకవైపు ఖాళీ. అక్కడ సైకిలు తగిలించుకునేట్టు ఏదైనా చేసిపెట్టమని నాన్న మస్తానుకు చెప్పాడు. మస్తాన్ ఎద్దుబండి చక్రానికుండే పాత ఇనప పట్టాను ఎర్రగా కాల్చి సాగగొట్టాడు. రెండు చేతుల్లా చేసి, వ్యాను అడుగు దూలానికి ఎనిమిది బోల్టులతో బిగించి, కొసలను పైకి వంచి కొక్కేలు చేశాడు. సైకిలు అడ్డం రాకుండా, వెనకున్న ఎర్ర దీపాన్ని నాన్న ఒక జాన పక్కకు జరిపాడు. రెండు రోజుల పని. మూడోరోజు పొద్దున చుట్టూ జనం చేరినాక అమ్మ సైకిలు తెచ్చి ఎత్తితే, అది కొక్కేల మీద నిలవలేదు. ఏటవాలుగా జారి, ముందు చక్రం నేలకు తగిలింది.

మస్తాన్ కొలతకు తన సైకిలు పెట్టుకున్నాడు. సీటునుంచి హ్యాండిలుదాకా అడ్డంగా ఉండే కడ్డీ కొక్కేల్లో కూచోవాలి. అమ్మది ఆడవాళ్ల సైకిలు, దానికి ఆ కడ్డీయే ఉండదు.

"ఏందన్నా ఇది, నడుం లేని సైకిలు తెచ్చినావు. యాడ పట్టుకునేది దీన్ని?" అన్నాడు మస్తాన్.

డ్రైవరన్న ఆడోళ్ల సైకిలు తొక్కతాడంటనే అని గుంపులో ఎవరో అంటే అందరూ నవ్వారు. అప్పటిదాకా నాన్న ఎప్పుడూ, ఎక్కడా, "మా సైకిలు" అనేవాడు తప్ప ఎవరిదో చెప్పేవాడు కాదు. ఎందుకో నాకు తెలుసు. ఇసకలో కూరుకున్న వ్యానును ఒంటిచేత్తో తిప్పి బయటికి తీసే మనిషికి రెండు చక్రాల మీద నిలబడటం చేతకాదు. మా ఊళ్లో బ్రహ్మయ్య అనే ఆయన తోటలో నేర్చుకోబోయి మోచేయి విరగ్గొట్టుకున్నాడు కూడా. కొలిమి దగ్గర ఆ నవ్వుకు ఆయన చెవులు ఎర్రబడటం చూశాను. ఎవరిదైనా మగవాళ్ల సైకిలు అడిగి తెచ్చి తగిలించుకుపోదామని అంటాడేమో, అప్పుడు చీరతో ఆ కడ్డీ దాటి అమ్మ ఎట్లా ఎక్కుతుందని నాకు భయమేసింది.

"నాది కాదబ్బయా. మా ఇంటామెది," అన్నాడు నాన్న. సైకిలు హ్యాండిలు పట్టుకుని, "నాకు తొక్కను రాదు," అన్నాడు.

మస్తాన్ సుత్తి కింద పెట్టాడు. "ఆ మాట మొన్ననే చెప్పుంటే ఆమె సైకిలే కొలిచుందును గదన్నా," అన్నాడు మెల్లిగా.

అమ్మ అప్పటికే కట్టుగుడ్డ చుట్ట విప్పి సీటు కింది గొట్టం నుంచి హ్యాండిలు మెడదాకా కొలుస్తోంది. సైకిలుకు లేని కడ్డీని వ్యాను మోసేటప్పుడు పెట్టుకుందాం, నేనెక్కేటప్పుడు తీసేస్తానంది. మస్తాన్ ఒక కడ్డీకి రెండు కొసలా వంకీలు తిప్పి, గీతలు పడకుండా పాత ట్యూబు చుట్టి ఇచ్చాడు. నా జానతో నాలుగు జానలు. దాన్ని బిగించి, సైకిలును నాన్నే ఎత్తి కొక్కేల్లో కూచోబెట్టి, తాడుతో ఒక చుట్టు చుట్టాడు. ఆ మధ్యాహ్నం కట్ట మొదట్లో దాన్ని దించాడు, కడ్డీ తీసి చంకలో పెట్టుకుని, అమ్మ కనిపించకుండా పోయేదాకా చూస్తూ నిలబడ్డాడు. రాత్రి బాగా పొద్దుపోయాక అమ్మ ఐదో ఊరినుంచి సైకిలు తోసుకుంటూ నడిచి వచ్చింది. సైకిలు వెనక సీటు మీద ఆ చూలాలు కూచుని ఉంది, ఆమె మొగుడు పక్కన పట్టుకుని నడుస్తున్నాడు. వ్యానులో ఆగకుండా నెల్లూరు ఆసుపత్రికి పోయాం. తల్లీ బిడ్డా బతికారు.

ఆ తర్వాత ఆరు చలికాలాలు ఆ సైకిలు వ్యాను వెనక తిరిగింది. ఇప్పుడు ఆ ఐదు ఊళ్లకూ తారురోడ్డు ఉంది, ఆటోలు పోతున్నాయి. కొలిమి లేదు, వ్యాను ఏ పాత ఇనప కొట్టులో కలిసిందో తెలియదు, అమ్మా నాన్నా లేరు. హైవే మీద కార్ల వెనక సైకిళ్లు తగిలించుకుని పోయేవాళ్లు అప్పుడప్పుడు కనపడతారు. అవి ఎవరివని అడిగేవాళ్లు లేరు, చెప్పుకోవాల్సిన పనీ లేదు. నాన్న మాత్రం, ఏ ఊళ్లో వ్యాను ఆపినా, ఆ ఆరేళ్లూ ఎవరూ అడక్కముందే, సైకిలు మా ఇంటామెదని చెప్పేవాడు.