కెమెరా ముందు పెద్దమ్మ

తారలు టీవీలో తమను తాము ఎలా చూపించుకుంటారన్నది నా పరిశోధన. ఈ బెంగాలీ ఊళ్లో, మలంచా అనే పేటలో, అద్దె గదిలో ఒక్కదాన్నే కూర్చుని, పాత హీరోయిన్ల ఇంటర్వ్యూలు ఆపి ఆపి చూస్తాను. ఎక్కడ నవ్వారు, ఎక్కడ మాట మార్చారు, అన్నీ రాసుకుంటాను. కెమెరా ముందు ఎవరూ తమలా ఉండరని పేజీలకు పేజీలు రాసి మా గైడుగారిని ఒప్పించాను. నా సొంత మనిషి దగ్గరకొచ్చేసరికి ఆ ముక్కే మరిచిపోయాను.

మా పెద్దమ్మ అదే ఊళ్లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే పేటలో ఉండేది. బజారులో హిందీ, పక్కింటి దీదీతో బెంగాలీ, నాతో మాత్రం మా శ్రీకాకుళం యాస. అమ్మ పోయాక ఆ యాసలో నన్ను తిట్టే మనిషి ఆవిడొక్కతే.

"మలంచా ఏటైనా మద్రాసేటే? వారానికోపాలి రాలేవూ?" అనేది.

సినిమాల్లో ఆ యాసను పనివాళ్లకీ, నవ్వించేవాళ్లకీ ఇస్తారని ఆవిడకి తెలుసు.

కిందటేడు ఒక పాత హీరోయిన్ అభిమానుల గురించి రాయడానికి పెద్దమ్మని ఫోన్‌లో వీడియో తీశాను. వెళ్లేసరికి పట్టుచీర కట్టి, పౌడరు రాసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

"నమస్కారమండీ. ఆవిడ నటనంటే నాకు చాలా ఇష్టమండీ," అంది.

నన్ను పట్టుకుని అండీ! నవ్వాపుకుని, నేనూ యాంకరమ్మలా, "చెప్పండి, మొదటిసారి ఎప్పుడు చూశారు?" అన్నాను. అరగంట సేపు ఇద్దరం అలాగే వెలగబెట్టాం.

ఈ వేసవిలో పెద్దమ్మ పోయింది. పదకొండో రోజు ఆవిడ గొంతు వినాలనిపించి, గదిలో ఆ వీడియో పెట్టుకున్నాను. అందులో మా పెద్దమ్మ లేదు, ఎవరో టీవీ ఆవిడ ఉంది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపం నా మీదే. ఊరందరి మాటలూ భద్రం చేసినదాన్ని, ఆవిడవి ఇంకెక్కడా దాచుకోలేదు. అయినా ఆశ చావక చివరిదాకా చూశాను.

చివర్లో, నేను ఫోన్ ఆపేశాననుకుని, ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది.

"అయిపోనాదేటే? నడుం పట్టేసినాది. కూకో, టీ ఎడతాను. సానా కబుర్లున్నాయి నీతోటి."

ఫోన్ వైపు నా చెయ్యి వచ్చింది. వెనకే నా గొంతు, ఆ యాంకరమ్మ తెలుగులోనే.

"ఇవాళ కుదరదు పెద్దమ్మా. ఇదంతా రాసుకోవాలి."

అక్కడితో వీడియో అయిపోయింది.